సముద్రం మంజూరైంది

స్పెయిన్ దేశానికి ఈశాన్య మూల కాటలోనియా అని ఒక సీమ ఉంది. అక్కడివాళ్ళంత బద్ధకస్తులు భూమ్మీద ఇంకెక్కడా దొరకరు. తోసా దె మార్ అనే సముద్రతీరపు ఊళ్ళో సముద్రపు దొంగల భయానికి మధ్యయుగంలో కోటగోడ కట్టుకున్నారు. దొంగలు పోయి వందల ఏళ్ళయింది, గోడ మాత్రం అలాగే ఉంది. దాన్ని పడగొడితే ఎన్ని ప్లాట్లు తేలేవో, ఆ రాయి ఎన్ని పునాదులకు సరిపోయేదో ఒక్క కార్పొరేటరుకూ తట్టలేదు. పైగా 1931లో దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించి, ఇక ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. బెసలూ అనే ఇంకో ఊళ్ళో పన్నెండో శతాబ్దపు రాతి వంతెన ఒకటుంది. 1939లో అంతర్యుద్ధం ముగుస్తుండగా అందులో కొంత భాగం పేల్చేశారు. దేవుడిచ్చిన అవకాశం! ఎంచక్కా ఫ్లైఓవర్ వేసుకోవచ్చు. వీళ్ళేమో కూలిన కమానులను పాత తీరులోనే, ఆ పాత వంకరతో సహా మళ్ళీ కట్టుకున్నారు. జిరోనాలో యూదులపేట సందులు చూస్తే జాలేస్తుంది. రోడ్డు వెడల్పు పథకమనే శుభవార్త వాళ్ళ చెవిన పడనేలేదు.

ఇంత చేతకాని జనాన్ని చూడ్డానికే మనవాళ్ళు అప్పుచేసి మరీ విమానం ఎక్కుతున్నారు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం మధ్యయుగం, రాత్రికి పప్పన్నం. ఇదీ ప్యాకేజీ.

మా రాయపూర్ పురజనులు అలాంటి బద్ధకానికి ఎప్పుడూ లోనుకాలేదు. పదిహేనో శతాబ్దంలో కలచురి రాజులు ఇక్కడ కోట కట్టారు. దాని పక్కనే బూఢా తాలాబ్, మహారాజ్‌బంధ్ చెరువులు. ఇవాళ అక్కడికి వెళ్ళి కోట ఎక్కడని అడగండి. టీకొట్టువాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, కోట పేరుతో కొత్తగా హోటలేమైనా వచ్చిందేమోనని ఆలోచనలో పడతాడు. అంత శుభ్రంగా తీసేశారు. గోడ ఉంటేగా కాపలా పెట్టడానికి, బురుజు ఉంటేగా మరమ్మతు చేయించడానికి! వారసత్వ సంరక్షణలో ఖర్చు తగ్గించే పద్ధతి ఇంతకన్నా మెరుగైనది ప్రపంచంలో ఎవరూ కనిపెట్టలేదు.

కోట తర్వాత చెరువుల వంతు. రాయపూర్ ఒకప్పుడు చెరువుల ఊరు. రాజ్‌బంధా చెరువును పూడ్చి మైదానం చేశారు. అక్కడ పత్రికా కార్యాలయాల సముదాయం వెలిసింది. నగరంలో చెరువులు మాయమవుతున్నాయంటూ ఘాటైన సంపాదకీయాలు తయారయ్యేది ఆ చిరునామాలోనే. చెరువు మీద కూచుని చెరువు గురించి రాస్తే ఆ రాతలో తడి వేరు!

అయితే ఒక ఊరు నీళ్ళన్నీ పోగొట్టుకుని ఊరుకుంటుందా? లేదు. చిన్నవి పోతే పోయాయి, ఏకంగా సముద్రాన్నే తెచ్చుకుంది. నూనె గానుగల తేలీల పేరు మోసే తేలీబాంధా చెరువు చుట్టూ నడకబాట వేసి, రంగు దీపాలు పెట్టి, ఆకాశమంత జెండా ఎగరేశారు. దాన్ని ఊరంతా ఇప్పుడు మెరీన్ డ్రైవ్ అంటోంది. దగ్గరి సముద్రం ఇక్కడికి నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఆటోవాడికి మెరీన్ డ్రైవ్ అని చెబితే కనురెప్ప కదపకుండా తీసుకెళ్ళి ఒడ్డున దింపుతాడు. దీని సంగతి తెలియకనేమో, కేంద్ర ప్రభుత్వం రాయపూర్ నుంచి విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల పొడవున ఆరు వరుసల రహదారి వేస్తోంది. సముద్రం మంజూరై, వచ్చి, చుట్టూ పానీపూరీ బళ్ళు కూడా వెలిశాక ఇంకా రోడ్డెందుకు?

ఈ సముద్రానికి అసలైన అభిమానులు మన తెలుగువాళ్ళే. 2024 సెప్టెంబరు నుంచి విశాఖకూ దుర్గ్‌కూ మధ్య వందేభారత్ నడుస్తోంది. మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి రాయపూర్‌లో దిగొచ్చు. దిగినవాళ్ళలో మా వియ్యంకుడిగారు ఒకరు. ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. బంగాళాఖాతం ఆయన ఇంటికి కూతవేటు దూరం. ఆ మధ్యే దంపతులిద్దరూ స్పెయిన్ తిరిగొచ్చారు. సోఫాలో కూచోగానే ఫోను తీశారు.

"బావగారూ, ఇది జిరోనా అండి. ఏం ఊరండీ! ఈ మెట్లు చూశారూ, గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్ తీసింది ఇక్కడే. అందులో ఆ పిల్ల గుడ్డి బిచ్చగత్తెగా కూచున్నది ఈ వీధిలోనే."

"ఆ మెట్లు ఎవరు కట్టించారండీ?"

"అది గైడు చెప్పాడండి. అప్పుడే మా ఆవిడ ఐస్‌క్రీము కొంటోంది, సరిగా వినలేదు."

"సరే. రేపు పొద్దున్నే పురానీ బస్తీకి వెళ్దాం. మహామాయ గుడి, దూధాధారీ మఠం చూపిస్తాను. పాలు తప్ప ఇంకేదీ ముట్టని ఒక మహంతు పేరుమీద ఆ మఠానికి ఆ పేరొచ్చిందట."

"అబ్బే, ఆ ఇరుకు సందుల్లో కారు దూరదు కదండీ బావగారూ. ఎండొకటి. సాయంత్రం మెరీన్ డ్రైవ్‌కి పోదాం."

జిరోనాలో ఆయన రెండు గోడల మధ్య పక్కకి తిరిగి నడిచిన సందుకు ఇరవై ఫొటోలున్నాయి. అక్కడ కారు దూరకపోవడమే అందం. ఇక్కడ కారు దూరకపోవడం మున్సిపాలిటీ వైఫల్యం. అక్కడ కిటికీలోంచి ఆరేసిన దుప్పటి వేలాడితే జీవకళ. ఇక్కడ పంచె వేలాడితే ఛీఛీ. అక్కడ గడపలో కూచున్న ముసలామెను అడిగి మరీ ఫొటో తీసుకున్నారు. ఇక్కడి ముసలామె ఎవరబ్బాయివి నాయనా అని అడుగుతుందేమోనని భయం.

"పోనీ, మీ భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూశారా బావగారూ? పదిహేడో శతాబ్దంలో వచ్చిన వర్తకులు. మీ ఇంటికి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు."

"భీమిలి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కేలేదండి. రిసార్టుకి."

మర్నాడు సాయంత్రం ఆయన తేలీబాంధా గట్టుమీద నిలబడి, జెండా పడేటట్టు ఫొటో తీయించుకుని, సముద్రపు గాలి తగులుతోందన్నారు. నేను కాదనలేదు. వియ్యంకుడిగారు కదా.

మధ్యయుగపు తీరగ్రామం కావాలంటే కాటలోనియా దాకా ఎందుకు? బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఉంది. కాకతీయుల రేవు. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఆ కాలపు రాజులు తమదేనని లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ పట్టుకోమని సముద్రవర్తకులకు మాటిచ్చాడు. ఇటలీవాడైన మార్కో పోలో తన రాతల్లో ఈ రేవునూ దాని సన్నని బట్టనూ మెచ్చుకున్నాడు. అదే మోటుపల్లి స్పెయిన్‌లో ఉండుంటే శాసనం ముందు వరస కట్టి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆడియో గైడుకు ఎనిమిది యూరోలు కట్టేవాళ్ళం. చీరాల నుంచి గంట కూడా పట్టని దూరంలో ఉంది కనుక దాని ఖర్మ అలా కాలింది.

రాయపూర్ చుట్టుపక్కల మాత్రం తక్కువా? చంపారణ్యం ఉంది. కాశీ నుంచి ప్రాణభయంతో బయల్దేరిన లక్ష్మణభట్టు, ఇల్లమ్మ అనే తెలుగు దంపతులకు 1479లో అక్కడి అడవిలో వల్లభాచార్యులు పుట్టారని సంప్రదాయం. పుష్టిమార్గమనే భక్తి సంప్రదాయాన్ని స్థాపించిన మనిషి. గుజరాతీలు వందల కిలోమీటర్లు దాటి వచ్చి, పాలరాతి మందిరాల్లో కళ్ళు తుడుచుకుంటారు. రాయపూర్, భిలాయిల్లో రైల్వేలోనూ ఉక్కు కర్మాగారంలోనూ ఉద్యోగాలు చేసి రిటైరైన తెలుగువాళ్ళు మాత్రం ఆయన మనవాడా అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యంతోనే సరిపెట్టుకుంటారు. పెట్రోలు ఖర్చు కూడా మిగులుతుంది.

సిర్‌పూర్ మహానది ఒడ్డున ఉంది. ఏడో శతాబ్దంలో వాసటా అనే రాణి చనిపోయిన భర్త హర్షగుప్తుడి జ్ఞాపకంగా ఇటుకలతో గుడి కట్టించింది. దాన్నే ఇప్పుడు లక్ష్మణ మందిరం అంటున్నారు. అదే శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఈ సీమకు వచ్చాడు. ఆయనకు ప్యాకేజీ లేదు, వీసా లేదు, ఉన్నవి కాళ్ళు. మనకు రాయపూర్ నుంచి రెండు గంటల కారు ప్రయాణం. అక్కడికి తీసుకెళ్ళిన ప్రతి చుట్టమూ అడిగే మొదటి ప్రశ్న: లోపల పూజలు జరుగుతాయా? నిత్యపూజలు లేవంటే ఆసక్తి సగం పడిపోతుంది. రెండో ప్రశ్న: ప్రసాదం? ఇక ఆసక్తి పూర్తిగా పడిపోతుంది. హర్షగుప్తుడి విధవ కన్నీళ్ళు లడ్డూ లేకుండా ఎవరికీ దిగవు.

ఊళ్ళోనే ఉన్న మహంత్ ఘాసీదాస్ మ్యూజియం సంగతి మరీ విచిత్రం. రాజనందగావ్ సంస్థానపు మహంతు 1875లో పెట్టించింది. దేశంలో ఉన్న బహు పాత మ్యూజియాల్లో ఒకటి. సిర్‌పూర్‌లో దొరికిన కంచు విగ్రహాలున్నాయి. అదే ఆవరణలో గఢ్‌కలేవా అనే ఫలహారశాల ఉంది. చీలా, ఫరా, ఠేఠరీ, ఖుర్మీ వేడివేడిగా పెడతారు. లోపల వెయ్యేళ్ళు దాటిన కంచు బుద్ధుడు, బయట అప్పుడే పెనం దిగిన చీలా. చూసినంత కాలంలో బుద్ధుడు ఒక్కసారీ గెలవలేదు.

అంతమాత్రాన మన పాలకులకు పాతదనం మీద ప్రేమ లేదనుకుంటే పాపం. ప్రేమ ఉంది, కాకపోతే కొత్తగా కట్టించిన పాతదనం మీద. కొత్త రాజధాని నవా రాయపూర్ వైపు పుర్ఖౌతీ ముక్తాంగణ్ ఉంది. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా మొదలైంది. బస్తర్ గుడిసెలు, గోడబొమ్మలు, నిలువెత్తు గిరిజన విగ్రహాలు, అన్నీ టికెట్టు కొని చూడొచ్చు. విగ్రహాల్లో ఉన్న సుఖం వేరు. డోలు మోగిస్తాయి, చప్పుడుండదు. నాట్యం చేస్తాయి, కూలి అడగవు. భూమి పట్టా అసలే అడగవు. ఊరి మధ్య ఊపిరాడక ఉన్న అసలు బస్తీకన్నా ఊరి బయట గాలాడే నకలు పల్లె నయం కదా!

ఈ విద్యలో ఐరోపావాళ్ళు మనకు అన్నలే. బార్సిలోనాలో 1929 ప్రదర్శన కోసం స్పెయిన్ అంతటా ఉన్న ఇళ్ళకూ వీధులకూ నకళ్ళు కట్టి పొబ్లె ఎస్పన్యోల్ అన్నారు. ప్రదర్శన అయ్యాక కూల్చేద్దామనుకుని కూల్చలేదు. ఇప్పుడు అదీ ఒక దర్శనీయ స్థలమే. మా వియ్యంకుడిగారు చేత్తో తడిమి, కళ్ళు మూసుకుని, పూర్వకాలం తెలుస్తోందండీ అన్న గోథిక్ పేట వంతెన కట్టింది 1928లో. ఆయన తండ్రిగారికన్నా చిన్నది. రాయి ఎక్కువ పాతదా తక్కువ పాతదా అన్నది అసలు తేడా కానేకాదు. అబద్ధం చెప్పినా వాళ్ళు అసలు ఊరిని పక్కన ఉంచుకుని చెప్పారు. మనం అసలు ఊరిని పూడ్చి దానిమీద నిలబడి చెబుతున్నాం.

నిజమైన శిథిలాలే కావాలని మొండికేసే సందర్శకుల కోసం రాయపూర్ ఇంకో ఏర్పాటు చేసింది. శాస్త్రి చౌక్ దగ్గర స్కైవాక్. 2017లో మొదలైంది, 2018 ఆఖర్లో ప్రభుత్వం మారగానే ఆగింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇనప దూలాలు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాయి. రోమువాళ్ళకు శిథిలాలు తయారు కావడానికి వెయ్యేళ్ళు పట్టింది. మనం ఒక్క ఎన్నికతో చేశాం. ఇప్పుడు మళ్ళీ పూర్తి చేస్తామంటున్నారు. పురావస్తు శాఖవాళ్ళు అభ్యంతరం చెప్పాల్సిన సమయం ఇదే.

మార్చగలిగినదల్లా పేరే కాబట్టి పేర్లు మాత్రం శ్రద్ధగా మారుస్తాం. పద్నాలుగేళ్ళ నరేంద్రుడు, అంటే కాబోయే వివేకానందుడు, 1877లో కుటుంబంతో రాయపూర్ వచ్చి రెండేళ్ళ దాకా ఉన్నాడు. అందుకని బూఢా తాలాబ్ వివేకానంద సరోవరమైంది, విమానాశ్రయం స్వామి వివేకానంద విమానాశ్రయమైంది. ఆ కుర్రాడు తిరిగిన బూఢాపారా వీధులకు దక్కింది పార్కింగు. రాజిమ్‌లో మూడు నదులు కలిసే చోట జరిగే మాఘ పున్నమి మేళా ఒక ప్రభుత్వంలో కుంభం, ఇంకో ప్రభుత్వంలో పున్నీ మేళా, మళ్ళీ మొదటివాళ్ళొస్తే కుంభ కల్పం. మహానదికి ఓటు లేదు కనుక ఏ పేరుకైనా తలూపి ప్రవహిస్తోంది. జయస్తంభ్ చౌక్‌లో 1857 డిసెంబరు 10న వీర నారాయణ్ సింగ్‌ను ఉరితీశారని ఊరంతా చెప్పుకుంటుంది. కరువులో వర్తకుడి ధాన్యాగారం తెరిపించి జనానికి పంచిన జమీందారు ఆయన. ఇవాళ అక్కడ పచ్చదీపం పడ్డాక అర క్షణం ఆగి చూడండి. వెనక హారన్లు మిమ్మల్ని ఉరితీస్తాయి.

ఇంతకీ మనం లక్షలు పోసి కాటలోనియా తీరగ్రామాల్లో కొనేది ఏమిటి? రాయి కాదు, సముద్రం కాదు. రెండూ మనకున్నాయి. కొనేది వేరేవాళ్ళ మొండితనం. గోడ కొట్టేసి రోడ్డు వేద్దామన్నప్పుడు ఎవరో ఒక గుమాస్తా సంతకం పెట్టనన్నాడు. మేడ మీద మేడ వేద్దామన్నప్పుడు ఎవరో ఒక పక్కింటివాడు కోర్టుకెక్కాడు. ఇంకెవరో నాలుగు తరాలు ఇరుకింట్లోనే సర్దుకున్నారు. ఆ చికాకులన్నిటికీ ముద్దుపేరు వారసత్వం. ఇప్పుడు వాళ్ళు మనల్ని కూడా వద్దంటున్నారు. 2024 జులైలో బార్సిలోనా వీధుల్లో హోటళ్ళ ముందు కూచున్న పర్యాటకుల మీద నీళ్ళ తుపాకులతో నీళ్ళు కొట్టారు. పదివేలకు పైగా ఉన్న పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబరు తర్వాత ఉండవని అక్కడి మేయరు ప్రకటించాడు. మనవాళ్ళలో ఎవరి మీదైనా నీళ్ళు పడుంటే హోలీ ముందే వచ్చిందనుకుని తిరిగి చల్లి ఉంటారు.

రాయపూర్‌లో అలా అడ్డం పడేవాళ్ళు లేరా? ఉన్నారు. బూఢా తాలాబ్ పక్కనే ఏళ్ళ తరబడి ధర్నా స్థలం ఉండేది. జీతాలు రానివాళ్ళు, భూములు పోయినవాళ్ళు, చెరువు కోసం ఏడ్చేవాళ్ళు అక్కడే టెంట్లు వేసేవారు. దాన్ని తీసుకెళ్ళి నవా రాయపూర్‌లో తూతా దగ్గర పెట్టారు. కాదనదల్చుకున్నవాడు ఇప్పుడు ఊరు దాటి వెళ్ళి, కాదని, చీకటి పడేలోగా తిరిగి రావాలి. ఊళ్ళో ఉన్న ఇతర పురాతన వస్తువులకు పట్టిన గతే నిరసనకూ పట్టింది. దాన్నీ ఊరి బయట, గాలాడే చోట, సందర్శన వేళల్లో చూడొచ్చు.

ఇది రాయపూర్‌కొక్కదానికే పట్టిన జబ్బని తెలుగు పాఠకులు సంబరపడక్కర్లేదు. హైదరాబాదులో చెరువుల్ని, ప్రభుత్వ స్థలాల్ని కాపాడడానికి 2024 జులైలో హైడ్రా అని ఒక సంస్థనే పెట్టాల్సొచ్చింది. అది బుల్డోజరు తీసుకుని వెళ్ళేసరికి చెరువుల్లో చేపలకు బదులు గృహప్రవేశాలు జరిగిపోయి ఉన్నాయి. తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్ళని కొడుకు పరాయి ఊళ్ళో అమ్మవారికి బంగారు కిరీటం చేయించినట్టుంది మన వారసత్వ ప్రేమ.

కాబట్టి ఒక మనవి. షెంగెన్ వీసాకు బ్యాంకు స్టేట్‌మెంటు, హోటలు బుకింగు, తిరుగు టికెట్టు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. మీకు అంత డబ్బుందో లేదో అన్నది వాళ్ళ బెంగ. మన మున్సిపాలిటీలు కూడా తమ వంతుగా ఒక పత్రం జతచేయాలి. ప్రశ్నలు నాలుగే.

ఒకటి. మీ ఊరి పాతపేటలో మూడు వీధుల పేర్లు రాయండి. 'మాల్ ఎదురుగా', 'పెట్రోలు బంకు పక్కన' అనేవి చెల్లవు.

రెండు. మీ ఊళ్ళో మీ తాతగారికన్నా వయసున్న కట్టడం ఏది? దాని గోడమీద బాణం గుచ్చిన గుండెతో సహా మీ పేరు లేదని గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ తెచ్చుకోండి.

మూడు. దాన్ని కూలుస్తుంటే ఎప్పుడైనా అడ్డుపడ్డారా? వాట్సాప్ గ్రూపులో ఏడుపు బొమ్మ పెట్టడం అడ్డుపడడం కిందకి రాదు.

నాలుగు. మీ ఊళ్ళో మాయమైన చెరువు పేరు ఒకటి రాయండి. గుర్తురాకపోతే మీ ఫ్లాటు పాత దస్తావేజు తీసి సర్వే నంబరు చూసుకోండి. చాలామందికి జవాబు కాళ్ళకిందే ఉంటుంది. ఉందని తేలితే విమానం టికెట్టు రద్దు చేసుకుని జులై దాకా ఓపిక పట్టండి. ఈసారి చెరువే వచ్చి మీ ఇల్లంతా తిరిగి చూసిపోతుంది.